టికెట్ లేని మంచు గోడ: యూరే వెళ్లే ముందు

ప్రశ్న: నాది హనుమకొండ. భువనగిరిలో రాక్ క్లైంబింగ్ బేసిక్ కోర్సు చేశాను. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా పాండవుల గుట్టకు పోతుంటాను. సంక్రాంతి కాగానే అమెరికాలోని డెన్వర్‌లో ఉన్న అన్న దగ్గరికి మూడు వారాలకు వెళ్తున్నాను. అక్కడికి దగ్గర్లో యూరే అనే ఊళ్లో ఐస్ పార్క్ ఉందట, టికెట్ కూడా లేదట. అన్న అక్కడి జిమ్‌లో గోడలు ఎక్కుతాడు, బిలే ఇవ్వడం (ఎక్కేవాడి తాడును కింద నుంచి పట్టుకోవడం) వచ్చు. "మనిద్దరం చాలు, రెండు రోజులు పోయి ఎక్కొద్దాం" అంటున్నాడు. వదిన, ఆరేళ్ల పాప కూడా వస్తారు. నా హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు), షూస్ తెచ్చుకుంటే సరిపోతుందా? ఇక్కడ ఏమేం కొనుక్కోవాలి? గైడ్ తప్పనిసరా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ "దగ్గర్లో" అన్న మాట సంగతి చూద్దాం. డెన్వర్ నుంచి యూరే సుమారు 500 కిలోమీటర్లు. హనుమకొండ నుంచి విజయవాడ పోయి తిరిగొచ్చినంత. రోడ్డు బాగుంటే ఆరు గంటలు, మంచు కురిస్తే ఎంతో చెప్పలేం. కాబట్టి రెండు రోజుల ప్రయాణం అంటే రెండు రోజులూ కార్లోనే గడిచిపోతాయి. నాలుగు రోజులు పెట్టుకోండి: పోవడానికి ఒకటి, ఎక్కడానికి రెండు, రావడానికి ఒకటి.

టికెట్ లేదన్న మాట నిజమే. యూరే ఐస్ పార్క్‌లోకి ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. సభ్యత్వాలు, విరాళాల మీద నడుస్తుంది. అన్‌కంపాగ్రే నది కోసుకుపోయిన ఇరుకు లోయ అది, ఊరి చివర నుంచి నడిచిపోయేంత దూరం. జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు మోసే పాత గొట్టం లీకై లోయ గోడ మీద మంచు కట్టేది, క్లైంబర్ల కన్ను దాని మీద పడింది. 1990లలో అదే పార్క్ అయింది. ఇప్పుడు లోయ అంచు పొడవునా పైపులు వేసి, రెండు వందలకు పైగా షవర్ల లాంటి తలల నుంచి రాత్రిపూట నీళ్లు చల్లుతారు. ఏళ్ల తరబడి ఇందుకు వాడింది ఊరి నీటి సరఫరాలో మిగిలిపోయిన నీళ్లనే. ఈ పని చేసేవాళ్లను అక్కడ ఐస్ ఫార్మర్లు అంటారు. మన దగ్గర రాత్రి కరెంటు వచ్చే వేళకు లేచి మోటరు వేసే రైతు లాంటి వాళ్లే, పండించేది మాత్రం మంచు. ఇలా నూటయాభైకి పైగా దారులు తయారవుతాయి. మామూలుగా డిసెంబరు నడుమ నుంచి మార్చి దాకా సీజన్.

అయితే ఉచితం కాబట్టే గేటు దగ్గర ఆపి "నీకు వచ్చా, రాదా" అని అడిగేవాళ్లుండరు. జిమ్‌లో బిలే పరీక్ష పాసైతేనే తాడు పట్టనిస్తారు. ఇక్కడ హెల్మెట్, క్రాంపాన్లు (బూట్ల కింద తగిలించుకునే ఇనుప పళ్లు) లేకుండా లోయలోకి దిగకూడదన్న నియమం ఉంది, కానీ మీరు కట్టిన యాంకర్ (తాడును పైన పట్టి ఉంచే కట్టు) సరిగా ఉందో లేదో చూసేవాళ్లు లేరు. మీ అన్నగారి లెక్క తప్పుతున్నది ఇక్కడే.

మీకు వచ్చింది రాయి, ఆయనకు వచ్చింది ప్లాస్టిక్ గోడ. రెండింటిలోనూ ఇక్కడికి పనికొచ్చేవి ఉన్నాయి: ముడులు, తాడు మీద నమ్మకం, ఎత్తులో కంగారు పడకపోవడం. పనికిరానివీ ఉన్నాయి. జిమ్‌లో నేల చదును, యాంకర్ ఎవరో ముందే పెట్టి ఉంచారు, మాట వినబడుతుంది. యూరేలో చాలాచోట్ల మీరు లోయ పై అంచున నిలబడి, మంచు పట్టిన రాతి మీద యాంకర్ కట్టి, తాడు కిందికి వదలాలి. కింద నది మోత. ముప్పై మీటర్ల పైనుంచి మీరు అరిచింది అన్నకు వినబడదు. మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆ నడుమ ఆమెను డార్జిలింగ్‌కు, చలికాలపు లద్దాఖ్‌కు పంపి మంచులో విడిగా తయారు చేశారు. రాయి వస్తే మంచు దానంతటదే రాదు.

గైడ్ తప్పనిసరి అని పార్క్ అనదు. మేం అంటాం, కనీసం మొదటి రోజుకు. ఆ పార్క్‌లో పనిచేయడానికి అనుమతి ఉన్న సంస్థలు ఊళ్లోనే ఉన్నాయి. ఒక్కరికే గైడ్‌ను పెట్టుకుంటే ఖర్చు బరువే. మీ ఇద్దరూ కలిస్తే, లేదా నలుగురైదుగురు కలిసే క్లాసులో చేరితే తలకు బాగా తగ్గుతుంది. ఆ డబ్బు కోసం ఐస్ టూల్స్ (మంచులో దిగేసే చేతి గొడ్డళ్లు) కొనే ఆలోచన మానుకోండి. రెండు రోజుల పనికి వాటిని కొనడం దండగ, అద్దెకు దొరుకుతాయి. రెండో రోజు మీరిద్దరే ఎక్కుతారా, మళ్లీ గైడ్‌తోనా అన్నది మొదటి రోజు సాయంత్రం ఆ గైడ్‌నే అడగండి. మీ చేతులు చూసినవాళ్లు చెప్పే మాట మా మాటకన్నా నమ్మదగింది.

తేదీ సంగతి. సంక్రాంతి తర్వాత అంటే సరిగ్గా రద్దీలోకి పోతున్నారు. జనవరిలో అక్కడ ఐస్ ఫెస్టివల్ జరుగుతుంది. ఆ నాలుగు రోజులు ఊళ్లో గది దొరకడం కష్టం, పార్క్‌లో కొంత భాగం పోటీలకు, శిక్షణ తరగతులకు పోతుంది. చూడ్డానికైతే కన్నులపండుగే. కంపెనీలు బూట్లు, టూల్స్ వాడి చూడమని ఇస్తాయి కూడా. కానీ మొదటిసారి ఎక్కేవాళ్లకు ఖాళీ గోడ ముఖ్యం. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కాబట్టి ఆ వారాంతమూ కిటకిటే. రెండూ అయిపోయాక వచ్చే వారంలో, సోమవారం నుంచి గురువారం లోపల పెట్టుకోండి. యాంకర్లు ముందొచ్చినవాళ్లకే. పొద్దున్నే వెళ్తే దొరికే గోడ పదకొండింటికి దొరకదు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో మూసేస్తారు, ఆ తర్వాత నీళ్లు వదలడం మొదలు.

ఇప్పుడు సామాను. మీ హార్నెస్ తీసుకెళ్లండి, కానీ తొడల పట్టీలు సర్దుకునే రకమైతేనే. రెండు పొరల ప్యాంటు మీద బిగుతు పట్టీ ఎక్కదు. రాక్ షూస్ ఇంట్లోనే పెట్టేయండి, అక్కడ వాటికి పనే లేదు. హెల్మెట్ ఉంటే సరే, లేకుంటే అద్దెకు. బూట్లు, క్రాంపాన్లు, టూల్స్ యూరేలోని దుకాణాల్లో అద్దెకు ఇస్తారు. ముందే చెప్పి పెట్టుకోండి, ముందు రోజు సాయంత్రమే తెచ్చుకోండి.

ఆ సాయంత్రం బూట్ల దగ్గర ఓ అరగంట గడపండి, మొత్తం ప్రయాణంలో అంత విలువైన అరగంట ఇంకోటి ఉండదు. అవి మడమ నుంచి వేళ్ల దాకా వంగని గట్టి అడుగున్న బూట్లు. వేసుకునే మేజోళ్లతోనే కొలత చూడాలి. మామూలు సైజుకన్నా అర సైజు, ఒక్కోసారి ఒక సైజు పెద్దవి పడతాయి. లేసులు కట్టి, ముందు భాగంతో ఏదైనా మెట్టును నాలుగుసార్లు తన్నండి. బొటనవేలు ముందుకు తగిలితే ఆ జత వద్దు. రోజంతా కొన్ని వందలసార్లు తన్నాక ఆ గోరు నల్లబడుతుంది. మునివేళ్ల మీద లేచినప్పుడు మడమ బూటులోపల లేవకూడదు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకోవడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు. బూటు బిగుసుకుంటుంది, నెత్తురు ఆడదు, వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. మందపాటి ఉన్ని మేజోళ్లు ఒక్క జత చాలు. వెళ్లే ముందు కాలి గోళ్లు కత్తిరించుకోండి.

క్రాంపాన్లు హోటల్ గదిలోనే బూటుకు సరిచేసుకోవాలి. లోయ అంచున చేతులు కొంకర్లు పోతుంటే ఆ పని కాదు. మడమ వెనక మీట వేయకముందే బూటును ఎత్తి చూడండి. క్రాంపాన్ ఊడి పడకుండా అంటిపెట్టుకుని ఉంటే కొలత కుదిరినట్టు. మీట పడేటప్పుడు కాస్త బలం పెట్టాల్సి రావాలి, "టక్" అని పడాలి. సులువుగా పడిందంటే గోడ మధ్యలో ఊడుతుంది. పట్టీ కొస వేలాడకుండా దోపేయండి, బకిల్ పాదానికి బయటి వైపుకు రావాలి. ఇక వాటితో నడిచేటప్పుడు కాళ్లు ఎడంగా వేయాలి. ఒక కాలి పళ్లు రెండో కాలి ప్యాంటు అంచుకు తగులుకుని బోర్లా పడేవాళ్లే ఎక్కువ. అదీ గోడ మీద కాదు, దారిలో. వెడల్పు అంచుల ప్యాంటు వద్దు.

బట్టల్లో ఒకటే నియమం: నూలు వద్దు. బనియను, జీన్స్, కాటన్ మేజోళ్లు, అన్నీ చెమటను పీల్చుకుని ఒంటికి తడిగా అంటుకుంటాయి. ఆదిలాబాద్‌లో చలి 5, 6 డిగ్రీలకు పడితే పేపర్లో మొదటి పేజీ వార్త. యూరేలో జనవరి పగలు సున్నాకు అటూ ఇటూ, రాత్రి మైనస్ 8, 10. పైగా లోయ అడుగున ఎండ పెద్దగా పడదు, గోడల నుంచి నీళ్లు కారుతుంటాయి. ఒంటికి ఆనే పొర ఉన్నిదో సింథటిక్‌దో, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. ఇవి కాక హెల్మెట్ మీదికి టోపీ వచ్చే బొద్దు జాకెట్ ఒకటి. ఎక్కేటప్పుడు కాదు, దిగి బిలే ఇచ్చేటప్పుడు వేసుకునేది. ఎక్కేవాడికి చెమట, కింద తాడు పట్టుకున్నవాడికి వణుకు. ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడేది ఆయనే మరి.

ఇక్కడ కొనదగ్గవి లోపలి పొరలు, ఫ్లీస్. హైదరాబాద్‌లోని పెద్ద స్పోర్ట్స్ దుకాణాల్లో దొరుకుతాయి. బొద్దు జాకెట్ అన్న దగ్గర ఉంటుంది, లేదా డెన్వర్‌లో కొనండి. చేతి తొడుగులు మాత్రం మూడు జతలు: ఎక్కడానికి పలచనివి రెండు, బిలేకు మందంవి ఒకటి. పలచనివి తడుస్తాయి, ఖాయం. తడిసినవి జాకెట్ లోపల పొట్ట దగ్గర పెట్టుకుని ఆరినవి వేసుకోవాలి.

చేతుల గురించి ఇంకో మాట ముందే చెప్పాలి, లేకపోతే భయపడతారు. చేతులు తలపైకి ఎత్తి టూల్‌ను బిగించి పట్టుకుంటే వేళ్లలో నెత్తురు తగ్గి తిమ్మిరెక్కుతాయి. కిందికి దిగాక ఆ నెత్తురు తిరిగి వస్తుంది. అప్పుడు వచ్చే నొప్పికి ఏడుపూ వాంతీ ఒకేసారి వచ్చేట్టు ఉంటుంది. కొన్ని నిమిషాల్లో పోతుంది. అది రాకుండా ఉండాలంటే పట్టు వదులుగా ఉంచాలి, ప్రతి రెండు మూడు దెబ్బలకోసారి ఒక చేయి కిందికి వేలాడేసి విదిలించాలి.

ఎక్కే పద్ధతి గైడ్ నేర్పుతారు, కానీ రాయి అలవాటున్నవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారో చెప్తాం. రాతి మీద మునివేళ్లపై నిలబడి మడమ ఎత్తడం అలవాటు. మంచులో మడమ ఎత్తితే క్రాంపాన్ ముందు పళ్లు ఊడి జారిపోతాయి. మడమ పాదం ముందు భాగంకన్నా కొంచెం దిగి ఉండాలి. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా, చేతులు అలిసిపోగానే మడమ మళ్లీ లేస్తుంది. ఇంట్లో సాధన చేయొచ్చు: మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రం ఆన్చి, మడమలు కిందికి దించి ఒక నిమిషం నిలబడండి, మూడుసార్లు. పద్మాక్షి గుట్ట మెట్లు ఇందుకు బాగుంటాయి, పిక్కలు ఎలా మండుతాయో అక్కడే తెలుస్తుంది.

టూల్ దెబ్బ కట్టెలు కొట్టే దెబ్బ కాదు. భుజం బలంతో బాదితే మంచు పళ్లెంలా పగిలి ముఖం మీదికి వస్తుంది, వేళ్ల కణుపులు గోడకు కొట్టుకుంటాయి. మోచేయి నుంచి ఊపి, చివర్లో మణికట్టు విదిలించాలి, సుత్తితో మేకు కొట్టినట్టు. ఉబ్బుగా ఉన్నచోట కొట్టొద్దు, పగులుతుంది. రెండు ఉబ్బుల నడుమ గుంట చూసి కొట్టండి. కొన మంచులో సరిగ్గా దిగితే "తప్" అని మొద్దు చప్పుడు వస్తుంది, పిడి చేతిలో అదరదు. డొల్లగా డప్పు మోగినట్టు వినిపిస్తే వెనక ఖాళీ ఉందన్నమాట, పక్కకు జరగండి. పీకేటప్పుడు పిడిని పైకీ కిందికీ ఆడించాలి, పక్కలకు ఆడిస్తే కొన విరుగుతుంది. ముఖం వైపుకు గుంజితే ఒక్కసారిగా ఊడొచ్చి ముక్కో పన్నో పోతుంది. ఒక టూల్ తలపైన నడుమన దిగాక, రెండు పాదాలు ఎడంగా, ఒకే ఎత్తున తన్ని, కాళ్లతో లేచి నిలబడాలి. రెండు చేతులతో పైకి గుంజుకుంటూ పోతే పది మీటర్లలో ముంజేతులు రాయి అవుతాయి.

దారుల కష్టాన్ని WI అక్షరాలతో అంకెలేసి చెప్తారు, అంటే నీళ్లు గడ్డకట్టిన మంచు. 2, 3 అని ఉన్న దారులు వాలుగా ఉంటాయి, అక్కడే ఉండండి. నాలుగు దాదాపు నిలువు, అయిదు ఆగకుండా నిలువు. M అని ఉంటే రాయీ మంచూ కలిసిన దారి, మీకు ఇప్పుడు వద్దు. తాడు పైనుంచి ఉండే టాప్‌రోప్ మాత్రమే ఎక్కండి. ముందు ఎక్కుతూ తాడు తగిలించడానికి మంచులో స్క్రూలు బిగించుకుంటూ పోయే లీడింగ్ మంచులో వేరే లోకం. అందులో పడకూడదన్నదే మొదటి నియమం, ఎందుకంటే కాళ్లకు పన్నెండేసి ఇనుప కోరలున్నాయి, పడేటప్పుడు అవి మంచుకు తగులుకుంటే చీలమండ విరుగుతుంది.

రెండో రోజు మీరే యాంకర్ కట్టే పరిస్థితి వస్తే: 60 లేదా 70 మీటర్ల తాడు, నీళ్లు పీల్చనిది. యాంకర్ బిందువు అంచుకు వెనక ఉండొచ్చు కాబట్టి సాగని తాడు 10, 15 మీటర్లు. తాడు వేలాడే చోట లాక్ పడే కారబైనర్లు (లోహపు కొక్కేలు) రెండు, ఎదురెదురుగా. అంచు దగ్గరికి పోయే ముందే మిమ్మల్ని మీరు కట్టుకోవాలి, "ఒక్క అడుగే కదా" అనుకోవద్దు. తాడు రెండు కొసలకూ ముడి వేసి, "రోప్" అని అరిచి వదలాలి. రెండు కొసలూ నేలకు తగిలాయని కళ్లతో చూడాలి, చూడకపోతే దించేటప్పుడు తాడు అయిపోతుంది. పైపుల మీద కాలు పెట్టొద్దు, వాటి దగ్గర టూల్ దించొద్దు. తాడు తడిసి గడ్డకడితే దానంతటదే పట్టేసే బిలే పరికరాలు జారొచ్చు, మామూలు ట్యూబు రకం వాడండి, బ్రేక్ చేయి ఎప్పుడూ వదలొద్దు.

బిలే ఇచ్చేవాళ్లు ఎక్కేవాడికి సరిగ్గా కింద నిలబడకూడదు. పైనుంచి పడే మంచు వల్ల గాయాలవుతాయి. పక్కకు, వీలైతే రాతి కప్పు కిందికి జరగాలి. మీరిద్దరూ తెలుగులో ఏమైనా మాట్లాడుకోండి, మంచు ముక్క ఊడితే మాత్రం "ఐస్" అని గట్టిగా అరవాలి, పక్కవాళ్లకు అర్థమయ్యే మాట అదొక్కటే. ఆ మాట వినగానే తల ఎత్తి చూడటం సహజం, చూస్తే ముఖం మీదే పడుతుంది. భుజాలు ముడుచుకుని గోడకు అతుక్కోవాలి. చాలా చల్లటి పొద్దున మంచు గాజులా పెళుసు, ఎండ తగిలిన మధ్యాహ్నం పెద్ద పెద్ద వేలాడే ముక్కలు కూలతాయి. ఏ గోడకు ఎండ ఎప్పుడు వస్తుందో గైడ్‌ను అడిగి ఉంచుకోండి.

వదిన, పాప నిరభ్యంతరంగా రావొచ్చు. లోయ అంచు దారి నుంచి, వంతెనల మీద నుంచి బాగా కనబడుతుంది, పిల్లలు ఎక్కడానికి చిన్న గోడ కూడా ఉంది. అయితే ఆ దారి నున్నగా గడ్డకట్టి ఉంటుంది. బూట్ల కింద తగిలించుకునే చిన్న గొలుసు పళ్లు ఇద్దరికీ కొనండి, పాప చేయి వదలొద్దు. గంటకన్నా ఎక్కువ అక్కడ ఉంచొద్దు కూడా. ఊళ్లో వేడినీటి బుగ్గల కొలను ఉంది, వాళ్లు అక్కడికి పోవచ్చు. సాయంత్రం మీరూ అక్కడే తేలతారు.

ప్రయాణానికి డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద గ్రాండ్ జంక్షన్, అక్కడి నుంచి మాంట్రోజ్, యూరే. కాస్త దూరమైనా ఆఖరి భాగంలో కనుమలుండవు. యూరేకు దక్షిణాన సిల్వర్టన్ వైపు పోయే రోడ్డు ఫొటోల్లో అందంగా ఉంటుంది, రక్షణ గోడ లేని ఆ మలుపుల్లోకి జనవరిలో సరదాకు పోవద్దు. ఐ-70 కొండ భాగంలో సెప్టెంబరు నుంచి మే దాకా చలికాలపు టైర్లు లేదా గొలుసులు ఉండాలన్న చట్టం ఉంది, అన్న కారు టైర్లు ఇప్పుడే చూడమనండి. యూరే 2,375 మీటర్ల ఎత్తు. డెన్వర్‌లో (1,600 మీటర్లు) మూడు నాలుగు రోజులు ఉండి వెళ్తే తలనొప్పి తక్కువ. నీళ్లు బాగా తాగండి, చలిలో దాహం తెలియదు.

ఇక్కడ తీసుకునే ప్రయాణ బీమాలో పర్వతారోహణను చాలా కంపెనీలు మినహాయిస్తాయి. ఐస్ క్లైంబింగ్ కవర్ అవుతుందని రాతపూర్వకంగా తీసుకోండి. అమెరికాలో చీలమండ విరిగితే వచ్చే బిల్లు మీ విమాన టికెట్‌ను మించిపోతుంది.

తిండికి సంక్రాంతి సకినాలే పట్టుకెళ్లండి. చాక్లెట్ బార్లు ఆ చలికి రాయిలా అయి పళ్లకు లొంగవు, సకినాలు, నువ్వుల ఉండలు మాత్రం అలాగే ఉంటాయి. జేబులో కాదు, డబ్బాలో పెట్టండి, హార్నెస్ కింద పిండి అయిపోతాయి. ఫ్లాస్కులో అల్లం చాయ్.

మొదటి రోజు రాత్రి బూట్లు, తొడుగులు కారులో వదిలేయకండి, తెల్లారేసరికి చెక్క ముక్కలవుతాయి. బూటు లోపలి పొర బయటికి తీసి, గదిలో హీటర్‌కు కాస్త దూరంగా ఆరబెట్టండి. మరీ ఆనించి పెడితే జిగురు ఊడుతుంది, అద్దె దుకాణం వాళ్లు దానికి డబ్బులు వసూలు చేస్తారు.